పద్నాలుగు వందల అరవై రెండో నంబరు

"రాసుకో," అన్నాడాయన. ఉప్పు వేసిన వేణ్ణీళ్ళ టబ్బులో రెండు కాళ్ళూ పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. "ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. రాశావా? ఆ వానలో వంతెన ఎక్కేసరికి ఎదురుగాలి."

రాసింది. నీళ్ళు కాచి తెచ్చిందీ ఆమే, టబ్బు కింద పాత తువ్వాలు పరిచిందీ ఆమే, ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆయన నోటి నుంచి రాలిందల్లా టైపు చేస్తున్నదీ ఆమే. ఆదివారం మధ్యాహ్నం. సాయంత్రం ఐదింటికల్లా పుస్తకం మొత్తం ప్రెస్సుకి పంపాలి. రన్నింగ్ క్లబ్బు పెట్టి పాతికేళ్ళయిందని ప్రత్యేక సంచిక వేస్తున్నారు. పరుగెత్తేవాళ్ళంతా 'నా మరపురాని పరుగు' అని తలా ఒక పేజీ రాయాలి. క్లబ్బు సెక్రటరీ ఆయన కాబట్టి బాధ్యత ఆయనది, ఆయన భార్య కాబట్టి పని ఆమెది. మీటింగులో ఎవరో "ఇంతమంది రాసినవి టైపు చేసేదెవరండీ?" అని అడిగితే, "మా ఇంట్లో టైపిస్టు ఉందిగా" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ సంగతి ఆయనే ఇంటికొచ్చి చెప్పాడు, విని ఆమె కూడా నవ్వుతుందనుకుని. నవ్వింది కూడా.

వారంలో ఆరు రోజులు ఆమె ఒక కంటి ఆసుపత్రిలో, కొత్తగా వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునే కౌంటరులో కూర్చుంటుంది. అక్కడా అంతే. "మీ రాత బాగుంటుందండీ" అన్న ఒక్క ముక్కతో డ్యూటీల పట్టికలూ, రిటైరయ్యేవాళ్ళకిచ్చే కార్డులూ, ఆఖరికి సూపర్వైజరుగారి పిల్లాడి స్కూలు చార్టులూ ఆమె బల్ల మీదికి వచ్చి వాలతాయి. ఏడో రోజు ఈ పని. క్లబ్బులో ఆమెకి ఒక పేరుంది, సీసాల వదినగారు. ఏటా జరిగే మారథాన్‌లో ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర గ్లూకోజు నీళ్ళ సీసాలూ, కోసిన అరటిపళ్ళూ పట్టుకుని నిలబడుతుంది కనుక. సంచిక ఆఖరి పేజీలో అడుగున 'మా వెనక నిలిచిన కుటుంబ సభ్యులకు కృతజ్ఞతలు' అని ఒక వాక్యం వెయ్యమన్నాడు. అది కూడా ఆమే టైపు చేసుకుంది. తనకి తనే థాంక్సు చెప్పుకోవడం ఎలా ఉంటుందో ఆవిడకి అలా తెలిసింది.

నిజం చెప్పాలంటే ఆ పేజీలు టైపు చెయ్యడం ఆమెకి కష్టమనిపించలేదు. మనుషులు పరుగు గురించి రాసేటప్పుడు ఎందుకో అబద్ధాలు తక్కువగా రాస్తారు. బ్యాంకు ఆఫీసరొకాయన పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర కుక్క వెంటపడిందనీ, తన జీవితంలో అతి మంచి టైము ఆ కుక్క చలవేననీ రాశాడు. రిటైరైన డ్రైవరు ఒకాయన ముందు వెళ్తున్న పాల వ్యాను దారి చూపే బండి అనుకుని దాని వెంట వెళ్ళిపోయి, నలభై రెండుకి బదులు నలభై ఆరు కిలోమీటర్లు పరుగెత్తి, అందరూ ఇళ్ళకి వెళ్ళాక వచ్చాడట. ముగ్గురు పిల్లల తల్లి, దర్జీ పని చేసుకునే ఆవిడ, తను ఆఖర్న వస్తే కుర్చీలు మడతపెడుతున్న వాళ్ళు మళ్ళీ విప్పి కూర్చుని చప్పట్లు కొట్టారని రాసింది. అది టైపు చేస్తున్నప్పుడు ఆమె కాసేపు చేతులు ఆపేసింది.

"ఎంతవరకు వచ్చింది?" అన్నాడాయన.

"ఎదురుగాలి."

"ఆఁ. గడ్డం ఛాతీకి ఆనించి, తల వంచుకుని, ముందు పడే అడుగు తప్ప ఇంకేమీ చూడకుండా పరుగెత్తాను. చెవుల్లో గాలి హోరు తప్ప ఏమీ లేదు. వంతెన దిగాక ఒక్కసారి గాలి ఆగిపోతే, ముందుకి పడబోయాను." ఆయన కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. "బాగుందా?"

బాగానే ఉంది. బాగుండక ఏం చేస్తుంది. పదకొండేళ్ళ కింద, బాత్రూము గుమ్మంలో నిలబడి, జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే, ఊపిరి తీసుకోకుండా ఆమె ఆయనకి చెప్పిన మాటలే అవి. ఆ గడ్డం ఆమెది. ఆ ముందుకి పడబోవడం ఆమెది. ఆ రోజు ఆయన ఇంట్లోంచి కదల్లేదు.

క్లబ్బులో ఒక ఆచారం ఉంది. పదేళ్ళు వరస తప్పకుండా ఈ మారథాన్ పూర్తిచేసిన వాళ్ళకి ఆకుపచ్చ చొక్కా ఇస్తారు. మధ్యలో ఒక్క ఏడు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలు. అప్పటికి ఆయనకి ఆరేళ్ళయ్యాయి. ఏడో ఏడు, పందేనికి నాలుగు రోజుల ముందు బస్సు దిగుతూ చీలమండ బెణికించుకున్నాడు. ఆ సంగతి క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఆమెని పిలిచి, "నా నంబరు పెట్టుకుని నువ్వు వెళ్ళు," అన్నాడు. నంబరు కాగితం ఛాతీకి పిన్నులతో పెట్టుకోవాలి, టైము లెక్కగట్టే చిప్ బూటు లేసుకి కట్టుకోవాలి, దారిలో అక్కడక్కడ పరిచిన రబ్బరు పట్టాల మీద ఆ చిప్ దాటితే లెక్కల్లో పేరు పడుతుంది. ఎవరి కాళ్ళు దాటాయన్నది పట్టాలకి తెలియదు. "నా చొక్కా వేసుకో, టోపీ కిందికి లాక్కో. నడుచుకుంటూ అయినా సరే, ఆరు గంటల్లోపు వచ్చెయ్యి. చాలు."

ఆమెకి అప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్ళు. అంతకుముందు ఆయన ప్రాక్టీసుకి వెళ్తుంటే సైకిలు మీద నీళ్ళు మోసుకుంటూ పక్కనే వెళ్ళేది. సైకిలు అమ్మాయికి స్కూలుకి కావలసి వచ్చాక, సీసా చేత్తో పట్టుకుని ఆయన పక్కనే పరుగెత్తింది. అలా నాలుగు నెలలు. దాన్ని ఎవరూ ప్రాక్టీసు అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. ఆయన అడిగితే నవ్వి, "దాందేముంది, మీరైతే ఏమిటి, నేనైతే ఏమిటి," అంది. తర్వాత జరిగినవాటన్నిటికంటే ఎక్కువగా ఆమెని పొడిచే మాట ఇదే. లాక్కుంటే లాక్కున్నారని ఏడవొచ్చు. ఈమె చేతికందించింది, పైగా నవ్వుతూ.

మూడు గంటల నలభై ఒక్క నిమిషం. ఆయన అప్పటిదాకా పరుగెత్తిన వాటిల్లో మంచిది నాలుగు గంటల ఇరవై ఎనిమిది. పక్కన ఎవరికీ సీసా అందించక్కర్లేకపోతే కాళ్ళు అలా వెళ్తాయని ఆమెకి మాత్రం ఏం తెలుసు. స్టేడియంలోకి వచ్చేసరికి వానకి జనం లేరు. రేకు షెడ్డు కింద మైకు పట్టుకున్న మనిషి తలెత్తకుండా కంప్యూటరు చూసి నంబర్లు చదువుతున్నాడు. "పద్నాలుగు వందల అరవై రెండు" అని, ఆమె భర్త పేరు చదివాడు. ఆమె చెయ్యెత్తింది. ఆ పేరుకి తను చెయ్యెత్తి ఊపింది. మెడల్ వేయించుకుని, టోపీ ఇంకా కిందికి లాక్కుని, వెనక గేటులోంచి బయటపడి బస్సెక్కేసింది. తప్పు చేసి పారిపోతున్నదానిలాగే. తప్పే చేసింది మరి.

ఇంటికొచ్చి అదంతా చెబుతుంటే ఆయన రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని విన్నాడు. విని, "అంత స్పీడుగా ఎవరు వెళ్ళమన్నారు నిన్ను? ఎవరికైనా అనుమానం వస్తే?" అన్నాడు. ఎవరికీ రాలేదు. ఫోన్లు వచ్చాయి, అభినందనలు వచ్చాయి. మొదటి వారం ఆయన "ఏదో కుదిరిందండీ" అని తప్పించుకున్నాడు. మరుసటి ఏటికి "వాన కలిసొచ్చింది" అన్నాడు. మూడేళ్ళ తర్వాత ఆకుపచ్చ చొక్కా ఇచ్చిన రోజున వేదిక మీద పది నిమిషాలు వంతెన గురించీ గాలి గురించీ మాట్లాడాడు. ఆమె ఆఖరి వరసలో సీసాల పెట్టె పక్కన కూర్చుని విన్నది. ఆయన అబద్ధం చెబుతున్నట్టు లేదు. నిజంగానే గుర్తున్నట్టుంది. అప్పుడు మొదటిసారి ఆమెకి భయం వేసింది.

అమ్మాయి సంగతి వేరే. సెలవులకి వారం రోజులు స్నేహితురాలింట్లో ఉన్న పదకొండేళ్ళ పిల్ల ఆ రోజు సాయంత్రం వచ్చి, అమ్మ తడి జుట్టూ, తాడు మీద ఆరేసిన బట్టలూ చూసి, "అమ్మా, నువ్వెందుకు తడిశావు?" అని అడిగింది. ఆయనే అందుకుని, "నన్ను చూడ్డానికి వచ్చిందమ్మా" అన్నాడు. ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ, కాస్త దూరం పరుగెత్తి ఆయాసపడినప్పుడల్లా "నాకు నాన్న ఓపిక రాలేదే" అంటుంది.

మరుసటి ఏడు ఆమె ధైర్యం చేసి ఇంకో ఫారం తెమ్మంది. "ఇద్దరం పొద్దున్నే పోతే అమ్మకి మందులెవరిస్తారు?" అన్నాడు. అత్తగారికి అప్పటికే పక్షవాతం. మంచం మీద నుంచే ఆవిడ, "ఆడదానికి ఆ పరుగులేమిటే, ఇంట్లో పరుగులు చాలవూ" అంది, ప్రేమగానే. ఐదున్నరేళ్ళు ఆ మంచం చుట్టూ పరుగు. ఆవిడ పోయాక, ఇప్పుడు మొదలుపెడదాం అనుకునేసరికి ఎడమ మోకాలు వాచింది. "నడవండి, ఫరవాలేదు. పరుగు మాత్రం మానెయ్యండి," అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన పేపరు లోంచి తలెత్తకుండా, "నువ్వెప్పుడు పరుగెత్తావులే," అన్నాడు.

వెక్కిరింతగా కాదు. మామూలుగా, ఉన్నమాట అన్నట్టు.

"మూడు గంటల నలభై ఒక్క నిమిషం. ఆ టైము మళ్ళీ నా వల్ల కాలేదు. అదీ నా మరపురాని పరుగు," అని ఆయన ముగించాడు. "కింద నా పేరు పెట్టు. నంబరు కూడా వెయ్యి, పాతవాళ్ళకి గుర్తుంటుంది. ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఒకటి. నిన్న పోస్టులో వచ్చింది."

ఒకప్పుడు తమ పందెంలో బహుమతులు తెచ్చుకున్న పక్క ఊళ్ళ వాళ్ళని కూడా రాయమని ఆయన ఉత్తరాలు పంపించాడు. అంటే, ఆమె పంపింది. అడ్రసులు రాసి, స్టాంపులు అంటించింది. వాళ్ళల్లో జవాబిచ్చింది ఒక లెక్కల టీచరు. గీతల కాగితం మీద, కొట్టివేతలు లేని గుండ్రటి రాత. ఆమె కవరు చింపి, కాగితం ల్యాప్‌టాప్‌కి ఆనించి టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

'నాకు మూడో బహుమతి వచ్చిన రోజు గురించి రాయమన్నారు. ఆ రోజు గురించి నాకు చెప్పుకోవలసింది ఒకటుంది. ముప్ఫయ్యో కిలోమీటరు దాటాక నా పిక్కలు పట్టేశాయి. వంతెన మొదట్లో ఆగిపోయి ఏడుస్తున్నాను. మగవాళ్ళ చొక్కా వేసుకున్న ఒకావిడ వచ్చి, "నా వెనకాల రండి, గాలి తగలదు" అంది. నేను అలవాటుగా దీపస్తంభాలు లెక్కపెడుతుంటే, "స్తంభాలు వదిలెయ్యండి, నా మడమలు చూడండి" అంది. స్టేడియం దాకా ఆ మడమలు చూస్తూనే వచ్చాను. ఆవిడ నాకంటే అర నిమిషం ముందు గీత దాటింది. పేరేమిటండీ అని అడిగితే, "పేరుదేముంది లెండి" అని వానలో వెళ్ళిపోయింది. తర్వాత ఆడవాళ్ళలో మూడో స్థానమని నన్ను పిలిచారు. నాది నాలుగో స్థానం కదా అనుకున్నాను. ఆవిడ నంబరు పద్నాలుగు వందల అరవై రెండు. ఫలితాల్లో ఆ నంబరు ఎదురుగా ఎవరో మగాయన పేరుంది. వానలో తప్పు చదివావేమో అన్నారు మావాళ్ళు. నేను లెక్కల టీచరుని, అంకెలు తప్పు చదవను. కప్పు ఇంటికి తీసుకెళ్ళబుద్ధి కాలేదు. ఇప్పటికీ స్కూలు బీరువాలోనే ఉంది. నేను చూసిన వాళ్ళల్లో అంత హాయిగా పరుగెత్తిన మనిషి ఇంకొకరు లేరు. ఈ పుస్తకం ఆవిడ చదువుతుందేమోనని రాస్తున్నాను.'

సగంలోనే ఆమె చేతులు ఆగిపోయాయి. మిగతాది ఊరికే చదివింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. మూడో స్థానం. అది తెలియదు ఆమెకి. ఆడవాళ్ళ ఫలితాలు చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు, తను ఆడవాళ్ళలో పరుగెత్తలేదు కదా. కానీ ఆమెకి ఏడుపొచ్చింది స్థానం గురించి కాదు. ఆ 'హాయిగా' అన్న మాటకి. ఈ లోకంలో ఒక మనిషి చూసింది. పదకొండేళ్ళూ ఆ మనిషి అంకె తప్పలేదని తనవాళ్ళతో వాదిస్తూ, తనది కాదనుకుని ఒక కప్పుని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. తను మాత్రం ఇక్కడ గ్లూకోజు కలుపుకుంటూ కూర్చుంది. పేరు చెబితే ఏం పోయేది. ఒక్క పేరు.

"ఏమిటలా అయిపోయావు?" అని ఆయన చెయ్యి చాచాడు. కాగితం ఇచ్చింది. ఆయన చదువుతుంటే మొహం చూస్తూ కూర్చుంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆయన చదవడం నెమ్మదించింది. నంబరు దగ్గర ఆగిపోయాడు.

"ఇది వెయ్యొద్దు," అన్నాడు చివరికి.

"మీరే కదా రాయమన్నారు ఆవిడని."

"ఆవిడ మన మెంబరు కాదు. పేజీలు కూడా సరిపోవు." కాగితం బల్ల మీద పెట్టి, "పోనీ, నంబరు తీసేసి వెయ్యి," అన్నాడు.

"లెక్కల టీచరు రాసినదాంట్లో నంబరు తీసెయ్యమంటారా?"

"ఇప్పుడు వెటకారాలొద్దు. నేనేమన్నా బలవంతం చేశానా నిన్ను? నువ్వూ ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను," అంది. "అదే రాస్తున్నాను."

ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. టీచరుగారి పేజీ ఆఖరి దాకా, ఒక్క అంకె వదలకుండా పూర్తిచేసింది. తర్వాత కొత్త పేజీ తెరిచింది. ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకుండా వేళ్ళు కదలడం కొత్తగా ఉంది. ఆయన లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. నేలంతా తడి అడుగులు పడ్డాయి, ఆమె చూడలేదు.

'లెక్కల టీచరుగారికి. మీరు నంబరు సరిగ్గానే చదివారు. ఆ రోజు ఆ నంబరు పెట్టుకుని పరుగెత్తింది నేను. ఆ నంబరు నా భర్తది. వేరేవాళ్ళ నంబరుతో పరుగెత్తినవాళ్ళకి ఏ స్థానమూ రాదని మా క్లబ్బు నియమావళిలో ఉంది, అది టైపు చేసిందీ నేనే. కాబట్టి మూడో స్థానం మీదే, కప్పు ఇంటికి తీసుకెళ్ళండి. మీరు పేరు అడిగితే చెప్పకుండా వచ్చేశాను. అప్పుడు చెప్పడానికి నాకు పేరు లేదు. ఉంటే ఆగేదాన్ని, ఇద్దరం కాసేపు కూర్చునేవాళ్ళం. అలా కూర్చోలేదని నాకు ఇప్పటికీ బాధే. మిమ్మల్ని వెనక పెట్టుకుని ఆ వంతెన దాటడం నా మరపురాని పరుగు. నాకు ఇంకో పరుగు లేదు.'

కింద తన పేరు, ఇంటిపేరుతో సహా, టైపు చేసింది.

"ఇది అచ్చయితే ఏమవుతుందో తెలుసా?" అన్నాడాయన. "ఆకుపచ్చ చొక్కా తిరిగిచ్చెయ్యాలి. సెక్రటరీ పదవి పోతుంది. క్లబ్బులో అందరూ నా మొహం మీదే నవ్వుతారు."

"తెలుసు."

"పోనీ నీకేమైనా ఒరుగుతుందా? నీకు స్థానం కూడా రాదు."

"రాదు," అంది. ఆయన మీద ఆమెకి జాలి లేకపోలేదు. పదకొండేళ్ళుగా ఒక అందమైన జ్ఞాపకంతో బతికిన మనిషి. అది తియ్యటి జ్ఞాపకమని ఆమెకి తెలియదా. కానీ ఆయన దగ్గరున్నది తీసుకోకపోతే ఆమె దగ్గర ఏమీ ఉండదు. ఆయన చెప్పిన పేజీని మొత్తం సెలెక్టు చేసి, చెరిపేసింది. పైన 'నా మరపురాని పరుగు' అన్న శీర్షికా, కింద ఆయన పేరూ మిగిలాయి.

"అదేమిటి, నా పేజీ..."

"నాలుగున్నరయింది. ప్రెస్సు వాళ్ళు ఐదింటిదాకా ఆగుతారు. ఆ రోజు గురించి మీకు గుర్తున్నది మీరే రాసుకోండి." కుర్చీలోంచి లేచి ఆయనకి చోటిచ్చింది. మోకాలు కలుక్కుమంది, బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది.

ఆయన కూర్చున్నాడు. రెండు వేళ్ళతో 'ఆ రోజు' అని కొట్టాడు. వాన అని కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అడిగాడు.

"ఆ రోజు పొద్దున్నుంచీ ఇంట్లో నేనేం చేశానో, నీకేమైనా గుర్తుందా?"

"నాకెలా తెలుస్తుందండీ," అంది ఆమె. "ఆ రోజు నేను ఇంట్లో లేను."